ఆ తల్లి పేరేమిటి?



2023వ సంవత్సరంలో మా గాజువాక సంఘంలో ఒక పెద్దావిడ ప్రభువునందు నిద్రించారు. వయస్సు 87 ఏళ్లని కుటుంబం వారు చెప్పారు. సంఘమంతా ఆమెను "మామ్మ" అనే పిలిచేది. ఆదరణ కూడికకు చిన్న కరపత్రం అచ్చువేయించాలని ఆమె కుమారుడు నా దగ్గరకు వచ్చాడు. ఫొటో ఇచ్చాడు. పుట్టిన ఊరు రంగూన్ అని చెప్పాడు. తండ్రి పేరు చెప్పాడు. "తల్లి పేరు?" అని అడిగాను. అతడు భార్య వైపు చూశాడు. ఆమె ఆడపడుచు వైపు చూసింది. ఎవరికీ తెలియదు.

"అమ్మ ఎప్పుడూ సెప్పలేదు అయ్యగారూ. మేమూ అడగలేదు. బర్మా నుండి నడిసి వస్తుంటే దారిలో పోయిందట. అంతే తెలుసు" అన్నాడు.

అతణ్ణి తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. ఎందుకంటే పన్నెండేళ్లపాటు ప్రతి నెల మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక ఆ ఇంటికి వెళ్లి ఆమెకు ప్రభురాత్రి భోజన సంస్కారం ఇచ్చినవాణ్ణి నేను. మోకాళ్ల నొప్పి ఎలా ఉందని అడిగాను. మనవల చదువులు అడిగాను. ఆమె రెండు మూడుసార్లు రంగూన్ మాట ఎత్తింది. ప్రోము అనే ఊరిదాకా రైలు వచ్చిందనీ, అక్కడినుండి కొండదారిలో నడిచామనీ, నీళ్లు లేవనీ చెప్పింది. నేను టీ తాగి, "ఇంకో ఇంటికి వెళ్లాలి మామ్మా, మళ్లీ వస్తాను" అని లేచి వచ్చేశాను. మళ్లీ వెళ్లాను గాని, మళ్లీ అడగలేదు.

ఆ కరపత్రంలో తల్లి పేరు లేకుండానే అచ్చయింది. ఆ ఖాళీ నన్ను చాలాకాలం బాధపెట్టింది. చివరికి ఒక సోమవారం సెలవు పెట్టుకుని, మామ్మ వచ్చిన దారిలో మన ఊరివరకైనా వెళ్లి చూద్దామని బయలుదేరాను. ఆ ఒక్కరోజు ప్రయాణం, అది నాకు నేర్పిన పాఠం మీతో పంచుకోవాలని ఈ వ్యాసం.

రెండుసార్లు నిర్వాసితురాలు

గాజువాకలో "నిర్వాసితులు" అనే మాట చిన్నపిల్లలకు కూడా తెలుసు. 1971 జనవరి 20న అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ గారు ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. ఆ భూమి కోసం ఎన్నో ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆ ఊళ్లవారు మన చుట్టుపక్కల కాలనీలలో స్థిరపడ్డారు. మామ్మ మెట్టినిల్లు అలాంటి ఊళ్లలో ఒకటి. ఇల్లు ఎంత, పొలం ఎంత, కొబ్బరిచెట్లు ఎన్ని అని అధికారులు రాసుకున్నారట. ఆ నిర్వాసితుల కార్డు ఆమె పెట్టెలో ప్లాస్టిక్ సంచిలో భద్రంగా ఉంది. చెట్టుకు కూడా లెక్క ఉంది. బర్మా దారిలో పోయిన తల్లికి మాత్రం ఏ కాగితంలోనూ లెక్క లేదు.

గాజువాక నుండి మల్కాపురం, సింధియా మీదుగా పాతనగరం వైపు వెళ్లాను. కుడివైపు డాల్ఫిన్ కొండ కనబడుతుంది. ఇప్పుడు పెద్ద పెద్ద ఓడలు వచ్చే ఈ రేవు 1933లో ప్రారంభమైంది. అంతకుముందు ఓడలు దూరంగా సముద్రంలోనే ఆగేవి. ప్రయాణికులు పడవలమీద వెళ్లి ఎక్కేవారు. విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, కాకినాడ రేవుల నుండి మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల కూలీలు వేలకు వేలుగా రంగూన్ వెళ్లారు. వరి కోతకు, బియ్యపు మిల్లులకు, రేవులో మూటలు మోయడానికి, రిక్షాలు లాగడానికి వెళ్లారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీద అక్కడివారు తెలుగువారిని "కోరంగీలు" అని పిలిచేవారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. వారిలో తెలుగువారు సుమారు లక్షన్నర. మామ్మ తండ్రి రంగూన్ రేవులో కూలీ.

అక్కడనుండి బీచిరోడ్డులోని విశాఖ మ్యూజియముకు వెళ్లాను. పాత డచ్చివారి బంగళాలో ఉన్న ఆ మ్యూజియములో ఒక జపాను బాంబు ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. పట్నం ఒక్కసారిగా ఖాళీ అయిపోయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించారు. ఆ కథ మన పెద్దలు చెప్పగా మనలో చాలామంది విన్నాము. అయితే అదే నెలల్లో, అదే యుద్ధం వలన, మన జిల్లాలవాళ్లు వేలాదిమంది బర్మా అడవుల్లో నడుస్తున్నారనే సంగతి మనం అంతగా చెప్పుకోలేదు.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద మొదటిసారి బాంబులు పడ్డాయి. ఆకాశంలో విమానాలను వింతగా చూస్తూ వీధుల్లో నిలబడినవారు చాలామంది చనిపోయారు. 1942 మార్చి 8న పట్నం జపాను వశమైంది. ఓడ టిక్కెట్టు దొరికినవారు ఓడలో వచ్చారు. దొరకని పేదలు నడిచారు. కొందరు ప్రోము నుండి టౌంగప్ కనుమ దాటి ఆక్యాబ్ మీదుగా చిట్టగాంగుకు వచ్చారు. కొందరు చింద్విన్ నది దాటి మణిపూర్ చేరారు. ఆలస్యమైనవారు హుకాంగ్ లోయలో వానల్లో, బురదలో చిక్కుకున్నారు. సుమారు నాలుగైదు లక్షలమంది అలా మన దేశం చేరారని అంచనా. కలరా, మలేరియా, ఆకలి వలన దారిలో చనిపోయినవారు ఎందరో కచ్చితమైన లెక్క లేదు. పదివేలు మొదలుకొని యాభైవేలు, అంతకుమించి అనేవరకు అంచనాలున్నాయి. తెల్లవారికి ఒక దారి, నల్లవారికి ఒక దారి అని ఆనాడే మన నాయకులు నిలదీశారు. అస్సాంలోని తేయాకు తోటల యజమానుల సంఘం దారిలో శిబిరాలు నడిపి చాలామంది ప్రాణాలు కాపాడింది. అదీ నిజమే, ఇదీ నిజమే.

బర్మా దాటి ఇంకా తూర్పున మలయా రబ్బరు తోటల్లో ఉన్న తమిళులను, తెలుగువారిని జపాను సైన్యం సయాం–బర్మా రైలుమార్గం పనికి పట్టుకుపోయింది. 1942–43లో 415 కిలోమీటర్ల ఆ మార్గం వేయడంలో సుమారు పన్నెండు వేలమంది యుద్ధఖైదీలు చనిపోయారు. ఆసియా కూలీలు తొంభై వేలమంది వరకు చనిపోయారని అంచనా. థాయిలాండులోని కాంచనబురి యుద్ధ శ్మశానంలో 6,982 మంది సైనికుల సమాధులు వరుసలుగా ఉన్నాయి. ఖైదీలకు రాళ్లమీద పేర్లు దక్కాయి. కూలీలకు ఆ పేరు కూడా దక్కలేదు.

మిగిలిన శేషము

మ్యూజియము బయట, సముద్రం ఎదురుగా సిమెంటు బల్లమీద కూర్చున్నాను. నా డిప్లొమా చదువురోజుల్లో విన్న ఒక పాఠం జ్ఞాపకం వచ్చింది. సంఘచరిత్ర బోధించిన మా అయ్యగారు ఒకరోజు బల్లమీద రెండు హెబ్రీ మాటలు రాశారు: యాద్ వషేమ్. జ్ఞాపకచిహ్నము, పేరు అని అర్థం. యెషయా గ్రంథం 56వ అధ్యాయంలో, సంతానం లేనివారికి కొట్టివేయబడని పేరు ఇస్తానని దేవుడు వాగ్దానం చేసే చోట ఆ మాటలున్నాయి. యూదులు తమ అరవై లక్షలమంది మృతుల కోసం యెరూషలేములో కట్టుకున్న జ్ఞాపకస్థలానికి 1953లో ఆ పేరే పెట్టారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. యూదులకు జరిగింది వేరు, బర్మా దారిలో మనవారికి జరిగింది వేరు. హిట్లరు ప్రభుత్వం ఒక జాతిని పసిపిల్లలతో సహా భూమిమీద లేకుండా చేయాలని పథకం వేసి చంపింది. బర్మాలో మనవారిని చంపినవి యుద్ధం, రోగం, నిర్లక్ష్యం. రెంటినీ ఒక త్రాసులో పెట్టడం నా ఉద్దేశం కాదు. నేను ఆలోచించింది ఆ తరువాతి సంగతి. బ్రతికి బయటపడినవారు ఏమి చేశారు? లోకం ఏమి చేసింది?

1945లో శిబిరాల తలుపులు తెరుచుకున్నప్పుడు అంతా సంతోషమే అనుకుంటాము. అలా జరగలేదు. ఏప్రిల్ 15న బ్రిటిషు సైన్యం బెర్గెన్–బెల్సెన్ శిబిరంలో ప్రవేశించిన తరువాత కూడా సుమారు పదమూడు వేలమంది జబ్బులతో, బలహీనతతో చనిపోయారు. ఇంటికి వెళ్దామంటే ఇంట్లో వేరేవాళ్లున్నారు. పోలెండులోని కీల్సె పట్టణంలో 1946 జూలై 4న, యుద్ధం ముగిసిన ఏడాది తరువాత, తిరిగివచ్చిన యూదులమీద జనం పడి నలభైమందికి పైగా చంపారు. ఏ దేశమూ తలుపులు బార్లా తెరవలేదు. సుమారు రెండున్నర లక్షలమంది జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీలలోని నిర్వాసితుల శిబిరాల్లో సంవత్సరాల తరబడి ఉన్నారు. మొదట్లో వారిని ముళ్లకంచెల వెనుకనే ఉంచారు. అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ పంపిన హారిసన్ అనే అధికారి 1945లో వెళ్లి చూసి, ఇది న్యాయం కాదని కఠినంగా నివేదిక ఇచ్చిన తరువాతే పరిస్థితి మారింది. 1947లో నాలుగున్నర వేలమందితో పాలస్తీనా చేరబోయిన "ఎక్సోడస్" ఓడను బ్రిటిషువారు పట్టుకుని, ఆ ప్రయాణికులను తిరిగి జర్మనీకే పంపారు. గాజువాక నిర్వాసితులకు దారి చూపించనవసరం లేదు గాని, ఊహించుకోండి: తమను చంపిన దేశానికే తిరిగి పంపడం!

అటువంటి చోట ఉండి వారు ఏమి చేశారు? తమకు "మిగిలిన శేషము" అని బైబిలు మాటనే పేరుగా పెట్టుకున్నారు. పెళ్లిళ్లు చేసుకున్నారు, పిల్లలను కన్నారు. శిబిరాల్లోనే బడులు పెట్టారు, పత్రికలు అచ్చువేశారు. గోడలమీద పేర్ల జాబితాలు అంటించారు. ఫలానా ఊరి ఫలానావారి కుమార్తె బ్రతికి ఉంది, తెలిసినవారు చెప్పండి అని. కొందరైతే కాగితం, కలం పట్టుకుని ఒక్కొక్కరి దగ్గర కూర్చున్నారు. పోలెండులో 1944లోనే, యుద్ధం ముగియకముందే, చరిత్ర సేకరించే సంఘం పెట్టారు. 1945లో మ్యూనిక్‌లో మరొకటి పెట్టారు. వేలాది సాక్ష్యాలు రాసుకున్నారు. పిల్లల దగ్గర కూడా రాసుకున్నారు.

దీనికి ముందే వార్సా పట్టణంలో ఇమ్మాన్యుయేల్ రింగెల్‌బ్లూమ్ అనే చరిత్రకారుడు, ఆయన స్నేహితులు, తమ కళ్ల ఎదుట జరుగుతున్నదంతా రాసి రేకుపెట్టెల్లో, పాలక్యాన్లలో పెట్టి భూమిలో పాతిపెట్టారు. రింగెల్‌బ్లూమ్ 1944లో చంపబడ్డాడు. బ్రతికి మిగిలినవారు శిథిలాలు తవ్వి, 1946లో ఒక భాగం బయటకు తీశారు. 1950లో మరొక భాగం బయటపడింది. తినడానికి రొట్టె లేని రోజుల్లో కాగితం కోసం, సిరా కోసం ప్రాణాలొడ్డారు ఆ మనుష్యులు.

లోకం ఆలస్యంగానైనా కొంత చేసింది. 1945 నవంబరు 20న నూరెంబర్గులో నాజీ నాయకుల విచారణ ప్రారంభమైంది. రాఫెల్ లెమ్కిన్ అనే యూదు న్యాయవాది జాతినిర్మూలన అనే నేరానికి 1944లో ఒక పేరు పెట్టాడు. ఆయన పట్టుదలవలన 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి దానిపై ఒడంబడిక ఆమోదించింది. మన దేశం 1959లో దానిని ధ్రువీకరించింది. 1952లో పశ్చిమ జర్మనీ పరిహారం చెల్లించడానికి ఒప్పుకుంది. రక్తానికి వెల కడతారా అని యూదులలోనే పెద్ద గొడవ జరిగింది. అయినా బ్రతికినవారు ఇంకా సంవత్సరాలపాటు నోరు విప్పలేదు. చెప్పబోతే, "అయిపోయిందిగా, మరిచిపొండి" అన్నవారే ఎక్కువ. 1961లో యెరూషలేములో ఐక్‌మన్ విచారణ జరిగినప్పుడు వందమందికి పైగా సాక్షులు నిలబడి మాట్లాడారు. అప్పుడే చాలామంది పిల్లలు తమ తల్లిదండ్రుల కథ మొదటిసారి విన్నారు.

మరి సంఘము? జర్మనీ ప్రొటెస్టెంటు సంఘనాయకులు 1945 అక్టోబరులో స్టట్‌గార్టులో కూడి, తాము ధైర్యంగా సాక్ష్యమివ్వలేదనీ, తగినంత ప్రేమించలేదనీ ఒప్పుకున్నారు. మంచిదే. గాని ఆ ఒప్పుకోలులో యూదుల పేరు ఎక్కడా లేదు. యూదుల విషయమై తమ దోషాన్ని పేరుపెట్టి ఒప్పుకోవడానికి 1950 దాకా పట్టింది. ఒప్పుకోలులో కూడా పేరు చెప్పడం ఎంత కష్టమో చూడండి.

ఇంకొక మాట కూడా దాచకూడదు. 1948లో యూదులకు ఇశ్రాయేలు దేశం ఏర్పడిన ఆ కాలంలోనే సుమారు ఏడు లక్షలమంది పాలస్తీనా అరబ్బులు ఇళ్లు వాకిళ్లు కోల్పోయారు. వారిలో మనవంటి క్రైస్తవులు కూడా ఉన్నారు. ఒకరి కన్నీళ్లు తుడిచేటప్పుడు మరొకరి కన్నీళ్లు చూడకుండా ఉండలేము. నిర్వాసితుల మధ్య కాపురమున్న మనము అసలే ఉండలేము.

బర్మా క్యాంపులో

సాయంత్రం తిరుగుదారిలో కంచరపాలెం దగ్గర దిగి బర్మా క్యాంపుకు వెళ్లాను. యుద్ధం అయ్యాక చాలామంది తెలుగువారు పొట్టకూటికోసం మళ్లీ రంగూన్ వెళ్లారు. 1962లో అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చింది. దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేసింది. ఆ దశాబ్దంలో లక్షలాది భారతీయులు మళ్లీ ఓడలెక్కి తిరిగివచ్చారు. అలా వచ్చినవారి పేరే ఈ ప్రాంతానికి మిగిలింది.

ఒక ఇంటి అరుగుమీద ఒక వృద్ధుడు కూర్చుని ఉన్నాడు. నన్ను నేను పరిచయం చేసుకుని, మామ్మ సంగతి చెప్పి, ఆ రోజుల్లో రంగూన్ రేవు కూలీలలో ఆమె తండ్రి ఎవరైనా తెలుసా అని అడిగాను. తెలియదన్నాడు. తాను చిన్నతనంలో ఓడలో వచ్చినవాణ్ణన్నాడు. అయితే తన తండ్రి మాత్రం 1942లో నడిచి వచ్చాడట.

"దారిలో మీవాళ్లెవరైనా పోయారా తాతా?" అన్నాను.

ఆయన కొంచెంసేపు నన్ను చూశాడు. తరువాత వేళ్లమీద లెక్కపెడుతూ పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. నాయనమ్మ, పెదనాన్న, పెద్దమ్మ, వాళ్ల ఇద్దరు పిల్లలు. ఒక పసిబిడ్డకు ఇంకా పేరు పెట్టలేదట. దానికి కూడా ఒక వేలు మడిచాడు. తండ్రి తనకు ప్రతి పండుగకూ ఆ పేర్లు చెప్పేవాడట. అన్నీ చెప్పి, "మీరు రాసుకోరా బాబూ?" అన్నాడు.

నా దగ్గర కాగితం లేదు. మ్యూజియము టిక్కెట్టు వెనుక రాసుకున్నాను.

"ఇన్నేళ్లలో నన్నెవరూ అడగలేదు. మా మనవలకి సెప్తే టీవీ సూస్తారు" అని నవ్వాడు. ఆయన నవ్వాడు గాని నాకు నవ్వు రాలేదు. మామ్మ దగ్గర నేను తాగి లేచిన టీ గ్లాసులు జ్ఞాపకం వచ్చాయి.

ప్రియ సహోదరీ సహోదరులారా, ఆ వృద్ధునికి చదువు లేదు. గాని వార్సాలో పాలక్యాన్ పాతిపెట్టినవారు చేసిన పనే ఆయన తండ్రి చేశాడు. ఆయన కొడుకు మనస్సులో పాతిపెట్టాడు. తవ్వి తీయడానికి మనమే వెళ్లలేదు.

యాద్ వషేమ్‌లో పేర్ల మందిరం ఉంది. చనిపోయిన ఒక్కొక్కరికి ఒక్కొక్క పత్రం. పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, ఊరు, తెలిసినవారు నింపి సంతకం చేస్తారు. 1950ల మధ్యనుండి ఆ పని సాగుతూనే ఉంది. ఇప్పటికి నలభైతొమ్మిది లక్షలకు మించిన పేర్లు చేరాయి. ఇంకా లక్షలు దొరకలేదు, వెదుకుతూనే ఉన్నారు. మన దేవుడు కూడా పేర్లు పట్టించుకునే దేవుడే. సంఖ్యాకాండములో ఎన్ని పేర్లున్నాయో, ఎజ్రా గ్రంథంలో చెరనుండి తిరిగివచ్చినవారి జాబితా ఎంత పొడవో మీకు తెలుసు. చదివేటప్పుడు మనం ఆ అధ్యాయాలు దాటేస్తాము. ఆ పేర్లవారి బిడ్డలకు మాత్రం అవే ముఖ్యమైన వచనాలు.

తిరిగివచ్చాక మా సంఘంలో ఒక పుస్తకం పెట్టాము. పెద్ద ఖర్చేమీ లేదు, కిరాణా దుకాణంలో దొరికే పొడుగు లెక్కల పుస్తకమే. ఊరు విడిచి, దేశం విడిచి చనిపోయిన మనవారి పేర్లు ఇళ్లవారు చెబితే యౌవనస్థులు రాస్తున్నారు. బర్మా దారిలో పోయినవారు, ఓడల్లో పనికి వెళ్లి తిరిగిరానివారు, ఊళ్లు ఖాళీ చేసిన రోజుల్లో బెంగతో మంచం పట్టి పోయిన ముసలివారు, అందరూ. బర్మా క్యాంపు తాతగారు చెప్పిన పేర్లు కూడా, ఆయన అనుమతితో, అందులో ఎక్కించాము. పేరు పెట్టని పసిబిడ్డకు కూడా ఒక వరుస ఉంది.

మామ్మ తల్లి పేరు ఇంతవరకు దొరకలేదు. దూరపు చుట్టాలను శ్రీకాకుళం వైపు వెదికాము. ఎవరికీ తెలియదు. ఇక దొరకదేమో. ఆ పుస్తకం మొదటి పేజీలో నేనే ఇలా రాశాను: "పేరు తెలియదు. రంగూన్ రేవు కూలీ భార్య. 1942లో ప్రోము దాటిన తరువాత కొండదారిలో చనిపోయింది. ఆరేళ్ల కూతుర్ని బ్రతికించి పంపింది." క్రింద నా సంతకం చేశాను. అడగవలసినప్పుడు అడగనివాడు నేను గనుక, ఆ సాక్ష్యం కూడా నేనే ఇవ్వాలి.

మీ ఇంట్లో, మీ వీధిలో, మీ సంఘంలో వెనుక బల్లమీద మౌనంగా కూర్చునే పెద్దలున్నారు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక తొందరపడి వెళ్లిపోకండి. వారి ప్రక్కన కూర్చోండి. "మీ అమ్మగారి పేరేమిటండీ?" అని అడగండి. జవాబు చెప్పేవరకు లేవకండి. ఒక కాగితం కూడా దగ్గర పెట్టుకోండి.

దేవుడు మనకు వినే చెవులు దయచేయును గాక. ఆమేన్.